కుంచె పట్టినవారి కూడు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శాస్త్రులవారు చదువుతూ ఉంటే సభలో వేళ్ళు మడిచి లెక్క చూచుకొన్నవారు చాలామందే ఉన్నారు. మేమూ చూచుకొన్నాము. ఈనాడు మాకు అప్పగించిన విషయం కూడా ఆ నాలుగు అంకెలలోనే ఇమిడి ఉన్నది. చిన్న చిన్న చిత్రాలు వేసి, అనగా అరచేతిలో పట్టే పటాలు, గంజీఫా ఆట ముక్కలు, దేవుడి గదిలో పెట్టుకొనే తంజావూరు పటాలు వేసి సంసారం గడుపుకోవచ్చునా? గడుపుకోవచ్చునంటే, ఒకరి దగ్గర నెల జీతానికి చేరడం మేలా, ఇంట్లోనే బల్ల వేసుకొని వచ్చిన పని చేసుకోవడం మేలా? చిత్రకారుని జాతకంలో రాజపూజ్యం ఉంటే ఆదాయం ఉండదని లోకంలో ఒక మాట ఉన్నది. అది ఎంతవరకు నిజమో విచారించడానికి మాకు అరగంట ఇచ్చినారు.

హోసూరులో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన బరువు ఉన్నది. ఈ మొరసునాటి గడ్డమీద మనకంటె ఎంతో ముందునుంచీ తెలుగు మాట్లాడే రైతులు, చేతిపనులవారు ఉన్నారు. మనలో చాలామంది మాత్రం ఆ తరువాత వచ్చినవాళ్ళం. 1980లో అశోక్ లేలాండు కర్మాగారం మొదలైనప్పుడు కొందరు, 1984లో టాటాలూ తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థవారూ కలిసి స్థాపించిన టైటాన్ గడియారాల కంపెనీ ఇక్కడ పని ప్రారంభించినప్పుడు కొందరు, వాటి వెనుక వచ్చిన చిన్న పరిశ్రమల వెంట మరికొందరు చిత్తూరు, అనంతపురం, కడప, నెల్లూరు వైపులనుంచి మూటాముల్లె కట్టుకొని చేరినాము. ఎందుకు చేరినాము? నెల జీతం కోసం. వానలమీద, అప్పులమీద, ఇంకొకరి దయమీద ఆధారపడిన బతుకు చాలనుకొని వచ్చినాము. ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. చీటీ, దీపావళి బోనసు, ఇవి మన ఇళ్ళలో ఇలవేల్పుల వంటివి. అటువంటి ఇంట్లో పిల్లవాడో పిల్లో కుంచె పట్టుకొని “నాకు ఉద్యోగం వద్దు, బొమ్మలు వేసుకొంటాను” అంటే తల్లికి నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ తల్లిని తప్పు పట్టడానికి మేము ఇక్కడికి రాలేదు.

అయితే ఈ పని మనవారికి కొత్తది కాదు. వలస వచ్చి ఈ పని చేయడం అసలే కొత్తది కాదు. 1565లో విజయనగరం పతనమైన తరువాత ఆ కొలువును నమ్ముకొన్న చిత్రకారులు చెల్లాచెదరైనారు. కొందరు శ్రీరంగపట్టణం వైపు పోయి ఒడెయరుల నీడ చేరినారు. కొందరు ఇంకా దక్షిణానికి దిగి తంజావూరు, తిరుచిరాపల్లి, మధుర నాయకరాజుల పట్టణాలలో నిలిచినారు. తంజావూరు, తిరుచిరాపల్లిలో ఈ పని చేసేవారిని రాజులన్నారు, మధురలో నాయుళ్ళన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అచ్చంగా మన సంసారమే. మనం దేవుడి గదిలో పెట్టుకొని “తమిళులవారి పని ఎంత బాగున్నది” అని మెచ్చుకొనే బాలకృష్ణుని పటం వెనుక మనవంటి వలస కుటుంబాల చెయ్యి ఉన్నది. లండనులోని బ్రిటిషు మ్యూజియంలో ఉన్న దక్షిణదేశపు చిత్రాలలో కొన్నింటిమీద బొమ్మల పేర్లు తెలుగు అక్షరాలతో రాసి ఉన్నవి.

కొలువు అంటే ఏమి? జీతం ఒక్కటే కాదు. మొగలాయీ దర్బారులో ఎట్లా జరిగేదో అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో చెప్పినాడు. దారోగాలు, గుమాస్తాలు వారం వారం చిత్రకారుల పని తీసుకొనిపోయి అక్బరు పాదుషా ముందు పెట్టేవారట. పని బాగుంటే బహుమానం ఇవ్వడమో, నెల జీతం పెంచడమో జరిగేదట. మన కర్మాగారాలలో ఇంక్రిమెంటు, బోనసు అంటున్నామే, అదే. దర్బారు చిత్రశాలలో బంగారమూ రంగులూ దర్బారువే. పటం ఎవరైనా కొంటారా అన్న దిగులు చిత్రకారునిది కాదు. ఒక ఏడాది పట్టే పని అయినా ఆ ఏడాది అతని ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఈ చివరి మాట కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాము.

కొలువుకు ఉన్న రోగం కూడా పెద్దదే. తంజావూరులో సర్ఫోజీ మహారాజు 1798 నుంచి 1832 దాకా ఏలినాడు. ఆయన కాలంలో చిత్రకళకు మంచి ఆదరణ ఉండేది. ఆయన కుమారుడు శివాజీ 1855లో మగ సంతానం లేకుండా పోయినాడు. కుంపిణీవారు రాజ్యాన్ని కలుపుకొన్నారు. ఆనాడు కుంచెలేవీ విరిగిపోలేదు, చేతులేవీ పడిపోలేదు. జీతం ఇచ్చే చెయ్యి మాత్రం పడిపోయింది.

అంతకు ముందునుంచే కొందరు తెలివైనవారు బజారు దారి పట్టినారు. ముచ్చివారని పాత కాగితాలలో కనిపించేది వీరే. కుంపిణీ దొరలకు, దొరసానులకు ఇంటికి పంపుకోవడానికి జ్ఞాపికలు కావాలి. కంసాలి, అతని భార్య. చాకలి, అతని భార్య. దాసరి, సిపాయి, పల్లకి బోయీలు, ఇట్లా వరుసగా బొమ్మలు వేసి పుస్తకాలుగా కుట్టి అమ్మినారు. తిరుచిరాపల్లిలో అభ్రకపు రేకులమీద వేసి అమ్మినారు. దొర ఒక్కొక్కప్పుడు చెప్పి వేయించుకొనేవాడు. ఒక్కొక్కప్పుడు సిద్ధంగా ఉన్నది కొనేవాడు. సిద్ధంగా ఉంచవలెనంటే కాగితం, రంగు, పనిదినాలు అన్నీ చిత్రకారుని పెట్టుబడే. ఇది మొదటిసారి మనవారికి తెలిసి వచ్చిన సొంత పని. దానిలో స్వేచ్ఛ ఉన్నదని మనం ఇప్పుడు అంటాము. వారిని అడిగితే ఏమనేవారో!

ఆ తరువాత చెట్టినాటి చెట్టియారుల ఇళ్ళు, భజన మందిరాలు పెద్ద పటాలు వేయించి ఈ వృత్తిని నిలబెట్టినవి. 1894లో రవివర్మ బొంబాయి దగ్గర అచ్చు యంత్రాలు పెట్టి దేవతల బొమ్మలను రంగులలో ముద్రించడం మొదలుపెట్టినాడు. అణాలకు లక్ష్మీదేవి దొరుకుతుంటే రూపాయలు పోసి చేతితో వేసిన లక్ష్మీదేవిని కొనేవారు తగ్గినారు. గంజీఫా ముక్కలదీ అదే గతి. మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరుకు ఆ ఆటమీద ఎంత మోజంటే, తానే కొత్త కొత్త ఆటలు కల్పించినాడు; వాటిలో ఒకదానికి మూడు వందల అరవై ముక్కలు కావాలి. అప్పటి మన కర్నూలు జిల్లాలోని నొస్సంలో కూడా ఈ ముక్కలు చేసేవారు ఉండేవారు. విదేశపు అచ్చు పేకముక్కలు వచ్చి ఆ పని మూలపడింది.

ఇక మన కృష్ణగిరి సంగతి. 1792లో శ్రీరంగపట్టణం సంధితో ఈ బారామహలు టిప్పు చేతినుంచి కుంపిణీకి పోయింది. ఆ సంవత్సరమే థామస్ డేనియల్, అతని అన్న కొడుకు విలియం మన కొండకోటల మధ్యగా ప్రయాణం చేస్తూ చిత్రాలు గీసినారు. వారు గీసిన రాయకోట, జగదేవి దుర్గాల బొమ్మలు ఇప్పటికీ అచ్చులో దొరుకుతవి. వీరికి నెల జీతం ఇచ్చే ప్రభువు లేడు. మరి దారి ఖర్చులకు ఏమి చేసినారంటారు? లాటరీ పెట్టినారు! దక్షిణ యాత్రకు ముందు కలకత్తాలో ఒకసారి, యాత్ర అయిన తరువాత 1793లో మద్రాసులో ఒకసారి, తమ తైలచిత్రాలను పందెంలో పెట్టి చీటీలు అమ్మి డబ్బు రాబట్టినారు. సీమకు పోయి ఆ చిత్రాలను రాగి పలకలమీద చెక్కి, 1795 నుంచి 1808 దాకా 144 ముద్రణలుగా వెలువరించినారు. అంటే 1792లో రాయకోట ఎండలో పడిన శ్రమకు పూర్తి ప్రతిఫలం చేతికి రావడానికి పదహారు సంవత్సరాలు పట్టింది.

అదే యుద్ధకాలంలో కారన్‌వాలీసు సైన్యం వెంట రాబర్టు హోం అనే మరొక చిత్రకారుడు మైసూరు సీమ చూచినాడు. 1794లో ఆ దృశ్యాల పుస్తకం వేసినాడు. మద్రాసులో, కలకత్తాలో దొరల ముఖచిత్రాలు వేస్తూ చాలా ఏండ్లు సొంతంగా బతికినాడు. చివరకు 1814లో లక్నో నవాబు కొలువులో చేరినాడు. 1827లో ఆ నవాబు పోగానే కొలువూ అయిపోయింది. ఇంగ్లండులో ఇంకా పాత ముచ్చట ఒకటి ఉన్నది. ఎలిజబెత్ రాణి సూక్ష్మచిత్రాలు వేసిన నికొలస్ హిలియర్డు పేరు వినని చిత్రకళా విద్యార్థి ఉండడు. ఆయన 1572 నాటికే రాణి పటం వేసినాడు. ఏడాదికి నలభై పౌనుల భత్యం ఖాయమైంది మాత్రం 1599లో. 1617లో ఒకరి అప్పుకు జామీను ఉండి జైలులో కూర్చున్నాడు. రాజపూజ్యానికి ఏమీ లోటు లేదు సుమండీ.

ఇంతదూరం పోనక్కరలేదు, మన పొరుగున మైసూరులోనే ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. కె. వెంకటప్పగారు 1886లో పుట్టినారు. వారి పూర్వులు మైసూరు ఆస్థాన చిత్రకారులు. మహారాజు ప్రోత్సాహంతో కలకత్తా పోయి అవనీంద్రనాథ ఠాకూరుగారి దగ్గర, నందలాల్ బోసుకు సహాధ్యాయిగా నేర్చుకొన్నారు. నీటిరంగులలో ఊటీ కొండల వెన్నెలను వారు వేసినట్లు వేసినవారు అరుదు. చిన్న కాగితంమీద అంత సన్నని పని చేసే ఆ చేతికి ఆ రోజులలో ఏ కొలువైనా దొరికేది. కాని వెంకటప్పగారు తమ పటాలను అమ్మడానికి ఇష్టపడలేదు. మైసూరు ప్యాలెసుకు గచ్చు ఉబ్బెత్తు శిల్పాలు చేస్తున్నారు. 1940లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు స్వర్గస్థులైనారు. పని ఆగిపోయింది. రావలసిన సొమ్ము విషయంలో చిత్రకారునికీ ప్యాలెసుకూ తగాదా వచ్చి వ్యవహారం కోర్టుకు ఎక్కింది. ఆ వ్యాజ్యం సంగతులు వకీళ్ళకు వదిలిపెడతాము. మాకు కావలసింది ఒక్కటే ప్రశ్న: ఒక ఉబ్బెత్తు శిల్పానికి పట్టిన దినాలకు వెల కట్టాలా, ఆ చేతి నేర్పుకు వెల కట్టాలా? ఆయన జీతగాడా, సొంత పనివాడా? అది మొదట తేల్చుకోకుండా పని మొదలైతే చివరకు తేల్చవలసినవాడు న్యాయమూర్తి. వెంకటప్పగారు 1965లో పోయినారు. బెంగుళూరు కబ్బన్ పార్కు పక్కన వారి పేర ప్రభుత్వంవారి చిత్రశాల ఉన్నది. ఇక్కడినుంచి బస్సులో పోయి చూచి రావచ్చును. పిల్లలను తప్పక తీసుకొనిపోండి.

జీతం అనగానే కళ చచ్చిపోతుందని వాదించేవారు కూడా ఉన్నారు. వారికి మేము చందమామను చూపిస్తాము. 1947లో మొదలైన ఆ పత్రికలో బేతాళుణ్ణి భుజాన వేసుకొని కత్తి పట్టి నడిచే విక్రమార్కుణ్ణి వేసిన శంకర్‌గారు 1952లో జీతానికి చేరినారు. పత్రిక చివరి రోజులదాకా సుమారు అరవై ఏండ్లు అక్కడే వేసినారు. వపా అనే వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలకోసం మన అమ్మలు పత్రికలు దాచుకొన్నారు. ఆ బొమ్మలలో జీతపు వాసన ఎవరికైనా తగిలిందా? నెలనెలా గడువు లేకుంటే ఆ వేల బొమ్మలలో సగం పుట్టేవే కావేమో.

ఇంతకూ మా అభిప్రాయం ఏమిటని మీరు అడుగుతారు. జీతమా, స్వేచ్ఛా అని ప్రశ్న పెట్టుకొంటే జవాబు దొరకదు. పని లేని దినాల ఖర్చు ఎవరు భరిస్తున్నారు, అది అడగాలి. జీతం ఇచ్చేవాడు కొంటున్నది పటం ఒక్కటే కాదు. పూత ఆరే దినాలు, గిరాకీ లేని దినాలు, కళ్ళు నొప్పి పుట్టి కుంచె పట్టలేని దినాలు కూడా అతడే కొంటున్నాడు. అందుకే పటంమీద వచ్చే లాభం అతనిది. సొంత పని చేసేవాడు ఆ దినాలన్నీ తానే మోస్తాడు; మోస్తున్నానని తెలిసి వాటి వెలను పటంలో కలిపినవాడు నిలుస్తాడు, కలపనివాడు తన ఇంటి బియ్యం అమ్ముకొని గిరాకీకి పటం దానం చేస్తున్నాడన్నమాట.

ఒక ఊహాలెక్క చెబుతాము. దశావతార గంజీఫా కట్టలో అవతారానికి పన్నెండు చొప్పున నూట ఇరవై ముక్కలు. ముక్కకు మూడు గంటలు పట్టిందనుకొందాము. మొత్తం 360 గంటలు. ఇంత సన్నని పని రోజుకు ఆరు గంటలకు మించి చేస్తే కళ్ళు ఊరుకోవు. కాబట్టి అరవై పనిదినాలు. ఆదివారాలు, పండుగలు, చుట్టాలు కలిపి రెండున్నర నెలలు. ఇంటికి నెలకు పాతిక వేలు కావలెనంటే ఆ కట్టకు కూలి 62,500 రూపాయలు. రంగులు, ముక్కలు, లక్క పూత ఖర్చు వేరే. సరే, అంతకే అమ్మినాము. కాని పని పూర్తి అయిన తరువాత కొనేవాడు దొరికి డబ్బు చేతికి వచ్చేసరికి ఇంకొక రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ చెయ్యి ఊరకే ఉంటే, అదే 62,500 ఇప్పుడు నాలుగున్నర నెలల కూడు. నెలకు పధ్నాలుగు వేలకు లోపు. చేతి నేర్పు ఏమీ తగ్గలేదు, వెల తగ్గలేదు, బేరం కూడా ఆడలేదు. ఎదురుచూపు ఒక్కటే దాదాపు సగం ఆదాయం తినివేసింది.

మన ఊళ్ళో పేరున్న కంపెనీయే దీనికి రెండవ పక్క కూడా చూపిస్తుంది. 2025లో టైటాన్‌వారు జల్సా అనే పేర గడియారాలు తెచ్చినారు. జైపూరు చిత్రకారులు పద్మశ్రీ షాకిర్ అలీగారి చేత పాలరాతి పలకమీద సూక్ష్మచిత్రం వేయించి, దానినే గడియారపు ముఖంగా పెట్టినారు. చేసినవి పదే, ఒక్కొక్కటి నలభై లక్షల రూపాయలకు పైన. సన్నని కుంచెకు ఈ కాలంలో విలువ లేదన్న మాట చెల్లదని దీనివల్ల తెలుస్తున్నది. కాని గడియారాలు పది మాత్రమే అన్న మాట కూడా అందులోనే ఉన్నది. ఆ పేరు సంపాదించడానికి ఆ చిత్రకారులు ఎన్ని దశాబ్దాలు పటాలు వేసినారో లెక్కలోకి తీసుకోకుండా, మా అబ్బాయి కూడా గడియారాలకు బొమ్మలు వేస్తాడని ఉద్యోగానికి రాజీనామా ఇప్పించవద్దు.

సీమలో ఇంకొక వింత బజారు ఉన్నది. వేలెడంత సిపాయి బొమ్మలతో బల్లమీద యుద్ధాలు ఆడే వ్యసనం అక్కడ పెద్దవాళ్ళకు ఉన్నది. ఆ బొమ్మలకు రంగులు వేయడం ఒక వృత్తి. నాటింగ్‌హాంలోని గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీలో దీనికి నెల జీతంమీద చిత్రకారులు ఉన్నారు. బయట ఇళ్ళలో కూర్చుని బొమ్మకింత అని వేసేవారు ఎందరో. శ్రీలంకలో చిత్రకారులను పనిలో పెట్టుకొని విదేశపు గిరాకీల సిపాయిలకు రంగులు వేసి పంపే సంస్థ కూడా ఉన్నది. ఏటికొప్పాక, కొండపల్లి చేతులు ఉన్న మన జాతికి ఇది అసాధ్యమైన పని కాదు. అయితే రంగు వేయడమే ముఖ్యమనుకొని పార్సెలు ఖర్చు, దారిలో విరిగిన బొమ్మ, తిరిగి వచ్చిన బొమ్మ మరచిపోతే లెక్క తలకిందులవుతుంది.

ఈ మధ్య మన సంఘంలోని ఒక తండ్రిగారు మా ఇంటికి వచ్చి, “అన్నా, మా పిల్ల కర్మాగారంలో ఉద్యోగం మానుతానంటున్నది. తంజావూరు పటాలే వేస్తుందట. మీరైనా నాలుగు చీవాట్లు పెట్టండి” అన్నారు. పిల్లను పిలిపించినాము. చీవాట్లు పెట్టలేదు. నువ్వు వేసిన పటాలు ఇప్పటిదాకా ఎవరు కొన్నారమ్మా అని అడిగినాము. ఆరు అమ్మిందట; నాలుగు మేనత్తలకు, పిన్నులకు. ఒకటి తోటి పనివారు పెండ్లి కానుకకు కొన్నారు. ఒకటి మాత్రమే ముఖం తెలియని గిరాకీ. ముఖాలు ఎవరు దిద్దుతారని అడిగితే తానే అన్నది. అది మంచి మాట. పెద్ద పని కొట్టాలలో ఒకరు సుద్ద ముద్దతో ఉబ్బెత్తు పని చేస్తారు, ఒకరు రాళ్ళు పొదుగుతారు, ఒకరు బంగారు రేకు అంటిస్తారు. ముఖం దిద్దేది మాత్రం పెద్ద చెయ్యి. జీతానికి చేరి పదేండ్లు రాళ్ళే పొదిగినవాడు బయటికి వచ్చి పటం వేయలేడు. జీతపు పనిలో చేరదలచిన పిల్లలు జీతమెంత అని అడిగిన తరువాత, ముఖం పని నేర్పుతారా అని కూడా అడగాలి.

ఆమెతో ఇట్లా అన్నాము: ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేరుగా పెట్టు. వరుసగా అయిదు పటాలు చుట్టాలు కాని వారికి, బయానా తీసుకొని అమ్ము. ప్రతి పటానికి పట్టిన గంటలు నోటుపుస్తకంలో రాయి. అప్పుడు రాజీనామా గురించి మాట్లాడుదాము. తండ్రిగారికి మేము పిల్ల పక్షం వహించినట్లు తోచింది. పిల్లకు తండ్రి పక్షం వహించినట్లు తోచింది. ఆమె ఇప్పటికి ఉద్యోగం మానలేదు. షిఫ్టు అయిన తరువాత రాత్రిపూట వేస్తున్నది. రాత్రి దీపంలో రంగు సరిగా తెలియదని ఆదివారం పగలు ముఖాలు దిద్దుతున్నది. ఇద్దరు బయటివారి పటాలు పూర్తి చేసింది. బెంగుళూరులో ఒక దుకాణంవారు అమ్మిన తరువాత ఇస్తామని మూడు పటాలు తీసుకొని ఏడాదిదాకా మాట్లాడలేదట. ఇప్పుడు ఆమె అట్లా ఇవ్వడం మానేసింది. తండ్రిగారే ఆ నోటుపుస్తకంలో గంటలు రాస్తున్నారని విన్నాము.

పిల్లలకు వారానికి రెండు దినాలు పాఠం చెప్పుకొంటే కొంత స్థిరమైన రాబడి. చాలామంది చిత్రకారుల ఇల్లు నడిచేది దానిమీదనే, పటాలమీద కాదు. చెప్పుకోవడానికి నామోషీ పడతారు గాని అందులో తప్పేమీ లేదు. ఇంకొక దారి సహకార సంఘం. నిర్మల్‌లో బొమ్మల చేతిపనివారు 1955లో సహకార సంఘంగా ఏర్పడినారు. సరుకు కలిసి కొనడం, కలిసి అమ్మడం. పని లేని దినాల బరువు ఒక్కడిమీద పడకుండా పదిమందిమీద పడుతుంది. హోసూరులో, కృష్ణగిరిలో విడివిడిగా పటాలు వేస్తున్న ఆడపడుచులు అందరూ కలిస్తే బంగారు రేకు, రాళ్ళు ఒక్కసారిగా టోకున తెప్పించుకోవచ్చును. ఇది చేయడానికి మన సంఘంవారికి ఒక గదీ, ఒక బీరువా చాలు. కార్యవర్గంవారు ఆలోచించవలెనని కోరుతున్నాము.

చివరగా కొనే గృహస్థులకు రెండు మాటలు. తంజావూరు పటానికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; మైసూరు పటానికి 2005లోనే వచ్చింది. ఆ పేరు పెట్టి అచ్చు బొమ్మమీద జరీ రంగు పూసి అమ్మేవారు కూడా ఉన్నారు. అసలు రేకా, నకిలీ రేకా అని అడిగి కొనండి. నకిలీ రేకు కొన్ని ఏండ్లకే నల్లబడుతుంది. “ఇంత చిన్న బొమ్మకు ఇంత వెలా?” అనవద్దు. చిన్నది కాబట్టే కళ్ళు ఎక్కువ పోయినవి. పటం చెప్పిన దినమే సగం డబ్బు బయానాగా ఇవ్వండి. బంగారు రేకు అప్పుకు దొరకదు. చిత్రకారుడు నగదు పెట్టి తేవలసిందే.

ఇంకొక సంగతి. పలకకు గుడ్డ అంటించి, సుద్ద, జిగురు కలిపిన పూతలు ఒకటి ఆరిన తరువాత ఒకటి వేయాలి. ముసురు పట్టిందంటే అవి ఆరవు. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి పటం కావలెననుకొనేవారు శ్రావణం వచ్చేదాకా ఆగితే లాభం లేదు. ఈ చైత్రంలోనే చెప్పినట్లయితే ఆషాఢపు వానలకు ముందే పలక ఆరిపోతుంది. సభ అయిన తరువాత వెనుక వరుస బల్లమీద నాలుగు పటాలు ఉంచినారు. వేసినవారు అక్కడే ఉంటారు.